వదినగారి మొక్కు

హెబ్బగోడి,
శుక్రవారం.

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో మీ మాటకు అడ్డం రావడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను. మా కోడలు శిరీషకు అయిదో నెల. ప్రసవమయ్యే దాకా తను మాత్ర ముట్టదని మీరు కదిరి నరసింహస్వామికి మొక్కారు కదా. అది విని, చిన్నప్పటి నుంచి వేసుకునే ఫిట్స్ మాత్రలు కూడా పిల్ల మానేయబోయింది. నాకు భయం వేసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ గర్భిణుల మందులు చూడడానికే చాందిని అనే ఫార్మసిస్టు ఉంది.

"ఆపొద్దమ్మా. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ అపాయం. బిడ్డకు ఏది మేలో చూసుకున్నాకే డాక్టరమ్మ, నేను కలిసి ఈ మాత్ర పెట్టుండాము," అంది.

మొక్కు సంగతి చెప్పాను.

"మొక్కింది ఎవురు?"

"మా వదిన."

"మాత్ర మానాల్సింది?"

"కోడలు."

"ఇదేం మొక్కమ్మా!" అని నవ్వింది.

పూజారిని అడిగితే, మొక్కినవాళ్లే తీర్చాలన్నారు. అయితే మీ బీపీ మాత్రలు ఆపాలేమోనని మళ్లీ చాందిని దగ్గరకు పరుగెత్తాను. "ఆయమ్మ కూడా ఆపకూడదు! మానేదుంటే ఇంకేమన్నా మానమను," అని చేతులు జోడించింది.

అందుకని నిన్న స్వామికి దీపం పెట్టి, ప్రసవం దాకా మీరు కాఫీ ముట్టరని మీ తరఫున మొక్కుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. మీరూ శిరీషను అడగలేదు కదా, మన ఇంటి పద్ధతి అదేననుకున్నాను.

మొదట్లో తలనొప్పి వస్తుందట. చాందినిని అడిగాను, అప్పుడు మాత్ర వేసుకోవచ్చునట. ఈ మొక్కులో మాత్రలకు అడ్డం లేదు.

మీ మరదలు