దిగులు బల్ల కడిగారా, టీచరమ్మా?

మూడో తరగతి టీచరమ్మ గారికి,

ఉడత నాయనమ్మ దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమమే. ఈ మాట రాసేముందు లేచి వెళ్ళి అందరినీ ఒకసారి చూసొచ్చాను, ఊరికే రాసెయ్యకూడదు కదా. మీరూ క్షేమమే అనుకుంటాను, లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు.

నాకు చదువు తక్కువ. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి, ఎర్ర సిరాతో దిద్ది మాత్రం పంపకండి, నా కోడలు చూసిందంటే నవ్వుతుంది. ఫోను చెయ్యొచ్చు కదా అంటారేమో. ఫోనులో అవతలి మనిషి ఒక్క క్షణం మాట్లాడకపోతే ఏమైపోయారో అని నా గుండె జారిపోతుంది. అందుకే ఉడత సంచిలో ఉత్తరం పెడుతున్నాను.

ఉడత మీ క్లాసులో చివరి వరస పిల్ల, నా మనవరాలు. ఇంట్లో నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు, నాతోనూ సగం సైగలే. బళ్ళో అసలు నోరే విప్పదు. ఏది అడిగినా తల ఊపుతుందని మీరే చెప్పారట. దీనికి నా కోడలు ఏమంటుందో తెలుసా? "మీ దిగులే దానికి అంటుకుంది అత్తయ్యా" అంటుంది. ఆలోచిస్తే నిజమేననిపిస్తోంది. తలుపు గడియ పడిందో లేదో అని నేను వెళ్ళి చూసొస్తే, నా వెనకాలే అదీ వెళ్ళి చూసొస్తుంది.

ఇక అసలు సంగతి. పిల్లల చదువూ మనసూ బాగుపడాలని మీ బళ్ళో పనిచేసేవాళ్ళంతా తలా ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారని ఇంటికి కాగితం వచ్చింది. హెచ్చెమ్ గారు చూసి, బాగున్నవి ఉంచి తక్కినవి తీసేస్తారట. డ్రిల్లు మాస్టారు మధ్యాహ్నం పిల్లల్ని కాసేపు పడుకోబెడతారు. సైన్సు మాస్టారు టమాటా మళ్ళు వేయిస్తారు. మీరేమో దిగులు బల్ల పెట్టారు. మనసు బాగోని పిల్ల వెళ్ళి దాని మీద కూర్చోవాలి. ఇసుక గడియారంలో ఇసుక జారిపోయేదాకా ఎవరూ పలకరించరు. ఆ తరవాత దిగులంతా బల్ల మీద వదిలేసి లేచి రావాలి.

బాగానే ఉంది. కానీ వదిలేసిన దిగులు బల్ల మీదే ఉంటుంది కదా? దాని మీదే ఇంకో పిల్లని కూర్చోబెడుతున్నారా? మధ్యలో ఎవరైనా కడుగుతున్నారా?

ఇట్లు,
ఉడత నాయనమ్మ

తా.క. ఉడత కంటే ముందు ఎవరు కూర్చున్నారో కనుక్కోండి. ఆ కళ్ళజోడు పిల్లాడైతే మాత్రం నాకు వెంటనే కబురు పెట్టండి. వాడి మొహం చూస్తే నాకే ఏడుపొస్తుంది.

*

ఉడత నాయనమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దిగులు జలుబులాంటిది కాదండీ, బల్ల మీంచి అంటుకోదు. పిల్లలకి కాసేపు ఎవరూ అడగని చోటు ఒకటి ఉండాలి, అంతే. అయినా మీ మనసు కుదుటపడడం కోసం, ఒక్కొక్కరు లేవగానే ఆయమ్మ చేత తడిగుడ్డతో తుడిపిస్తాను.

నిజం చెప్పాలంటే ఆ బల్ల పెట్టిందే ఉడతలాంటి పిల్లల కోసం. నిన్న అది కూర్చుని లేచాక నా వైపు చూసి పెదవులు కదిపింది. మాట రాలేదు కానీ వచ్చేలా ఉంది. ఈ బల్ల ఇంకొన్నాళ్ళు ఉంటే దాని గొంతు వింటానని నా ఆశ. దయచేసి దాన్ని భయపెట్టకండి.

మీ
మూడో తరగతి టీచరు

తా.క. ముందు ఎవరు కూర్చున్నారో బయటికి చెప్పకూడదు. కళ్ళజోడు పిల్లాడు మాత్రం కాదు.

*

టీచరమ్మ గారికి,

ఉడత నాయనమ్మ రాస్తున్నది. ఇక్కడ క్షేమం, పాలు విరిగాయి అంతే.

అంటదని రాశారు, ఆ కిందనే తుడిపిస్తానని రాశారు. అంటనిదాన్ని ఎవరైనా తుడిపిస్తారా తల్లీ? మీరు చదువుకున్నవాళ్ళు, పైకి చెప్పలేరు. నాకు అర్థమైంది లెండి.

తుడవడం మంచిదే. మరి గుడ్డ పిండిన నీళ్ళు ఎక్కడ పోస్తున్నారు? ఉడతని అడిగితే వేలుతో కిటికీలోంచి చెట్లని చూపించింది. టమాటా మళ్ళలోనా అంటే తల ఊపింది. నీళ్ళు పారబోయకూడదని ఆయమ్మ మళ్ళకి పోస్తోందట. అయ్యో! రేపు ఆ మళ్ళు కాస్తాయి. ఆ కాయలు పిల్లలే తింటారు. బల్ల మీద ఉన్నప్పుడు దిగులు ఒంటికి అంటేది, ఇప్పుడు తిన్నగా కడుపులోకే పోతుంది. పైనున్నదైతే ఆయమ్మ తుడుస్తుంది. లోపలికి పోయినదాన్ని ఎవరు తుడుస్తారు?

ఇట్లు,
ఉడత నాయనమ్మ

తా.క. ఇది రాస్తుంటే ఉడత నా భుజం మీంచి చదివేసింది. పిల్లకి చదవడం బాగా వచ్చు. మీకు తెలుసో లేదో, చెప్పుకోదు కదా.

*

నాయనమ్మ గారికి,

నమస్కారం. సంతోషకరమైన వార్త ఒకటుంది. నిన్న ఉడత బళ్ళో మొదటిసారి మాట్లాడింది. పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పింది.

అది చెప్పింది మీ ఉత్తరం.

ఆ పక్కపిల్లకి దేవుడు గొంతు బదులు మైకు పెట్టాడు. గంట కొట్టేలోపు టమాటాల్లో దిగులుందని బడంతా తెలిసిపోయింది. రెండో తరగతి పిల్లలు మళ్ళ దగ్గరికి వెళ్ళి ఊపిరి బిగబట్టుకుని పరిగెడుతున్నారు. అదే సమయానికి మొక్కలు రెండు వాడిపోవడంతో సైన్సు మాస్టారు వచ్చి "మీ నీళ్ళే!" అన్నారు. "మీరు ఎరువు ఎక్కువేశారు" అన్నాను. ఆయన నాతో మాట్లాడడం మానేశారు. పిల్లల మనసు బాగుండాలని మొదలుపెట్టిన పనికి స్టాఫ్ రూములో ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి టీ తాగుతున్నాం.

నీళ్ళు ఇప్పుడు కాలవలో పోస్తున్నాం. అయినా బల్ల మీద ఎవరూ కూర్చోవడం లేదు. ఇక ఉత్తరాలు వద్దు నాయనమ్మ గారూ, మీకు పుణ్యం ఉంటుంది.

మీ
టీచరు

తా.క. ఆయమ్మ చేతులకి తొడుగులు అడుగుతోంది.

*

టీచరమ్మ గారికి,

ఉడత నాయనమ్మ రాస్తున్నది. వద్దన్నారు, అయినా రాస్తున్నాను. ఇది ఉత్తరం కాదు, సలహా.

ఉడత మాట్లాడిందని చదివి కళ్ళు తుడుచుకున్నాను. తరవాత ఆ తుడుచుకున్న గుడ్డ ఎక్కడ ఆరెయ్యాలా అని కాసేపు ఆలోచించాను.

కాలవలో పోస్తున్నామన్నారు. ఆ కాలవ గేటు పక్కనుంచే కదా పోతుంది? అక్కడ వాచ్‌మన్ రోజంతా నిలబడతాడు. ఈమధ్య ఆయన అన్నం సయించడం లేదంటున్నాడని మా పక్కింటావిడ చెప్పింది. నేనేమీ అనడం లేదు, ఊరికే రాశాను.

నీళ్ళతో పెట్టుకోకండి. పరుపులు బరువెక్కితే ఏం చేస్తాం? ఎండలో వేస్తాం. బల్లని కూడా ఎండలో పెట్టండి. ఎండకి ఆరిపోనిది లేదు. ఇది నిజం, మా అత్తగారి కోపం ఒక్కటే ఆరలేదు.

ఇట్లు,
ఉడత నాయనమ్మ

తా.క. పిల్లలు బల్లెక్కకపోతే వాళ్ళ దిగులు వాళ్ళలోనే ఉండిపోతుంది కదా? ఆ మాట ఇప్పుడే తోచింది. ఉడత మళ్ళీ నోరు మూసుకుంటే ఆ పాపం నాదే.

*

నాయనమ్మ గారికి,

మీ సలహా నేను పాటించలేదు. ఆయమ్మ పాటించింది. ఉడత ఈసారి పక్కపిల్లకి కాదు, తిన్నగా ఆయమ్మకే చెప్పింది. రెండో మనిషితో మాట్లాడిందని సంతోషించాలో, తల పట్టుకోవాలో నాకు తెలియలేదు.

బల్లని మైదానంలో నడిఎండలో పెట్టారు. ఇనుప బల్ల కదా, పెనంలా కాలింది. డ్రిల్లు మాస్టారు చూసుకోకుండా దాని మీద కూర్చున్నారు. ఆయన అరిచిన అరుపుకి, ఆయనే నిద్రపుచ్చిన పిల్లలంతా లేచి కూర్చున్నారు. ఇప్పుడు బడిలో ఎవరి నమ్మకం వాళ్ళది. దిగులు బల్ల కరుస్తుందని చిన్నపిల్లలు చెప్పుకుంటున్నారు.

గురువారం హెచ్చెమ్ గారు అందరి పద్ధతులూ చూడడానికి వస్తున్నారు. నా బల్ల మీద ఒక్క పిల్ల కూడా కూర్చోకపోతే అది సామాన్ల గదిలోకి పోతుంది. నాకు పేరు రాకపోతే పోనీండి. ఉడత గొంతు సగం దాకా వచ్చి ఆగిపోతుందేమోనని నా బాధ.

అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. గురువారం మీరే వచ్చి, పిల్లల ఎదురుగా ఆ బల్ల మీద కూర్చోండి. మీకేమీ కాలేదని వాళ్ళు చూస్తే చాలు.

మీ
టీచరు

తా.క. ఎండ తగలకుండా బల్లని రేపటినుంచి నీడలో ఉంచుతాను.

*

టీచరమ్మకి,

వస్తాను. కానీ నా దిగులు సంగతి మీకు తెలియదు. పిల్లలది చిటికెడు. నాది గోతాలకొద్దీ ఉంటుంది. అంతా అక్కడ వదిలేస్తే మీ ఆయమ్మ ఎలా ఎత్తుతుంది? కొంచెమే వదులుతాను.

ఇట్లు,
ఉడత నాయనమ్మ

తా.క. నా కోడలు వద్దంది. అందుకే కచ్చితంగా వస్తాను.

*

నాయనమ్మ గారికి,

నడుము ఎలా ఉంది?

నేను హెచ్చెమ్ గారిని వరండాలో మాటల్లో పెట్టి ఉంచాను, పిల్లలు మీకు అలవాటు పడేదాకా. మేం లోపలికి వచ్చేసరికి బల్ల ఒక కాలు విరిగి పక్కకి ఒరిగిపోయి ఉంది. మీరు నేల మీద, పిల్లలంతా మీ చుట్టూ. ఉడత నా టేబుల్ ఎక్కి కేకలు వేస్తోంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు, కళ్ళజోడు పిల్లాడితో సహా. హెచ్చెమ్ గారు ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయారు. ఏం జరిగిందో రాసి పంపమని ఇప్పుడు కబురు. నేను చూడనిది నేనెలా రాయను? మీరే రాయండి.

మీ
టీచరు

తా.క. హెచ్చెమ్ గారికి కోపం వస్తే ఎప్పుడూ అలాగే మౌనంగా వెళ్ళిపోతారు.

*

టీచరమ్మకి, హెచ్చెమ్ గారికి కూడా,

నడుము బాగానే ఉంది, ఆ బాగుండడం చూస్తేనే అనుమానంగా ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను కూర్చున్నాను. ఇసుక జారుతోంది. పిల్లలంతా దూరంగా నిలబడి నాకేమవుతుందా అని చూస్తున్నారు. ఎవరూ పలకరించకూడదన్నారు కదా, నాకేమో మాట్లాడకపోతే ఊపిరాడదు. కళ్ళజోడు పిల్లాణ్ణి పిలిచి "నీకేం దిగులు నాన్నా?" అని అడిగాను. రబ్బరు పోయిందన్నాడు. "అయ్యో, పోతే పోయింది, ఎవరి కాలికిందైనా పడితే? వాళ్ళు జారితే? జారి సైన్సు మాస్టారి మీద పడితే? ఆయన టమాటాల మీద పడితే? ఆ ఎర్రమొహంతో క్లాసుకొస్తే?" అన్నాను. నేను నిజంగానే కంగారుపడి అన్నాను. వాడు మాత్రం కిసుక్కుమన్నాడు.

ఇంకో పిల్ల, అమ్మ తనని తీసుకెళ్ళడం మరిచిపోతుందేమోనంది. "మరిచిపోతే పరవాలేదు, నీ బదులు ఇంకెవరినైనా తీసుకెళ్తే? వాళ్ళు మీ ఇంట్లో నీ మంచం మీద పడుకుంటే? నీ చెప్పులు సరిపోక మీ అమ్మని కొత్తవి కొనమని పేచీ పెడితే?" అన్నాను. దానికి నవ్వు ఆగలేదు. ఎవరు ఏ దిగులు చెప్పినా, అంతకంటే పెద్దది నా దగ్గర తయారుగా ఉంది. మాకు చెప్పు మాకు చెప్పు అంటూ అందరూ నా పక్కన ఎక్కేశారు. బల్లేం చేస్తుంది పాపం.

కాలు విరగగానే నేను కింద పడ్డాను. అప్పుడు వినబడింది. "ఎవరూ కదలొద్దు! నాయనమ్మ కింద ఉంది! నువ్వు ఆ కొస పట్టుకో! మైకూ, నువ్వు ఆయమ్మని పిలువు!"

ఎవరిదా ఈ గొంతు అని చూశాను. ఉడత. నేనూ ఎరగని గొంతు.

తప్పంతా నాదే. టీచరమ్మని ఏమీ అనకండి.

ఇట్లు,
ఉడత నాయనమ్మ

తా.క. నేను బల్ల మీద వదిలినది కొంచెమే. మీ ఆయమ్మతో చెప్పండి.

*

నాయనమ్మ గారికి,

హెచ్చెమ్ గారి నిర్ణయం వచ్చింది. దిగులు బల్ల పద్ధతి రద్దు.

దాని బదులు కుర్చీ వేస్తారట, చేతులున్న కుర్చీ, మీ కోసం. వారానికోసారి బుధవారం మీరొచ్చి కూర్చోవాలి. పిల్లలు వచ్చి దిగులు చెప్తారు, మీరు దాన్ని ఇంకా పెద్దది చేసి చెప్పాలి. ఆవిడ తలుపు బయట నిలబడి మొదట్నుంచీ విన్నారట. నేనే వరండాలో మాటల్లో పెట్టానని పొరబడ్డాను, ఆవిడ చెవి అంతసేపూ లోపలే ఉంది. మౌనంగా వెళ్ళిపోయింది కోపంతో కాదు. నవ్వు ఆపుకోలేక.

మీ
టీచరు

తా.క. మొదటి బుధవారం పిల్లలకంటే ముందు తనని లోపలికి పంపమన్నారు హెచ్చెమ్ గారు.

*

టీచరమ్మ గారికి,

ఈ ఉత్తరం ఉడత చెబుతుంటే నేను రాస్తున్నాను. ఉద్యోగం నాది, షరతులు దానివి.

కుర్చీ గట్టిదై ఉండాలి. ఒకేసారి ఇద్దరు రాకూడదు. (రెండేళ్ళుగా మాట్లాడనివన్నీ ఇప్పుడు ఒక్కసారిగా చెబుతోంది తల్లీ, నా చెయ్యి నొప్పెడుతోంది. ఈ మాట రాయొద్దంటోంది, రాశాను.) సైన్సు మాస్టారూ మీరూ ఒకే గోడ వైపు తిరిగి టీ తాగాలి. తలుపు దగ్గర ఎవరెప్పుడు రావాలో పిలిచేది ఉడతే. హెచ్చెమ్ గారు ముందుగా లోపలికి రావడం కుదరదు. పెద్దవాళ్ళయినా సరే, వరస వరసే.

ఇట్లు,
ఉడత నాయనమ్మ
(పక్కన సంతకం పెట్టినది ఉడత)

తా.క. ఇన్నాళ్ళూ ఇది మాట్లాడదని దిగులు. పొద్దున్నుంచి ఇంట్లో ఇంకెవరినీ మాట్లాడనివ్వడం లేదు. నా కోడలు చెవుల్లో దూది పెట్టుకుంది. ఇక దీని నోరు ఎలా మూయించాలో అని నాకు కొత్త దిగులు పట్టుకుంది. అందరి దిగుళ్ళూ నేను వింటే నాది ఎవరు వింటారే అని దాన్నే అడిగాను.

వరసలో నిలబడమంటోంది.