పాత బ్రాంచిలో బిల్డ్ చేయాల్నా?

మంగళవారం, రిచ్‌మండ్ హిల్

ఈ రోజు శ్రావ్యను అందరి ముందూ కడిగేశాను. కడిగేస్తున్నప్పుడు హాయిగా కూడా అనిపించింది. అదీ రాసుకోవాలి.

శ్రావ్యకు సర్రీలో కాలేజీ, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, మిగిలిన టైములో మా ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు, అంటే జీతం లేకుండా అందరం కలిసి రాసే సాఫ్ట్‌వేర్. కొత్త వెర్షన్‌లో సరిచేసిన బగ్‌ను పాత బ్రాంచిలో, అంటే కొందరు ఇంకా వాడుతున్న పాత వెర్షన్‌లో కూడా సరిచేయమని ఆ పిల్లకు నేనే అప్పజెప్పాను. ఆదివారం ఫోన్ చేసి అడిగింది.

"అక్కా, పాత బ్రాంచిల బిల్డ్ చేసి చూడాల్నా?"

బిల్డ్ అంటే ఆ మార్పుతో ప్రోగ్రాం అసలు తయారవుతుందో లేదో చూడటం. పప్పు తాలింపు పెడుతూ, "అక్కర్లేదమ్మా, కొత్తదాంట్లో చేసిన ప్యాచ్ ఉన్నదున్నట్టు పంపెయ్" అన్నాను.

పంపింది. ఆ సవరణ వాడుకునే ఫంక్షన్, అంటే కోడ్ ముక్క, పాత బ్రాంచిలో లేనే లేదు. బిల్డ్ ఫెయిలైంది. "ఇది ఎవరు చూసి పంపించారు?" అని టీమ్ లీడ్ అడిగాడు. నా పేరు బయటికి రాకముందే, అందరూ చూసే ఆ ప్యాచ్ పేజీలో శ్రావ్యకు రాసేశాను: "బిల్డ్ కూడా చేయకుండా ప్యాచ్‌లు పంపి మా టైమ్ వేస్ట్ చేయకండి."

నా మాట బయటపెడుతుందేమోనని గంటసేపు చూశాను. "తప్పు నాదే, సారీ" అని మాత్రం రాసింది.

సాయంత్రం ఫోన్. ఏడుస్తుందనుకున్నాను.

"అక్కా, గురువారం కాలేజీ కో-ఆప్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. రెజ్యూమెల ఆ పేజీ లింకే ఇచ్చిన. మీ కామెంట్ జర తీసేస్తరా?"

తీసేయడం ఒక్క క్లిక్కు పని. తీస్తే ఎందుకు తీశావని లీడ్ అడుగుతాడు.

"మన రూల్స్ ఒప్పుకోవమ్మా" అన్నాను.

"అట్లనా అక్కా. మీరేం ఫికర్ చేయకుండ్రి" అని నన్నే ఓదార్చింది.

అలాంటి రూల్ ఏదీ లేదు. ఆ రూల్స్ రాసింది నేనే.