కళ్ళ ఫైలు

రాజోలు,
14 నవంబరు 2024.

ఉదయం కొబ్బరికాయలు దింపించాను. మీ మావయ్య చొక్కాలు ఉతికి, మడతపెట్టి, చర్చిలో ఇచ్చి వచ్చాను. ఇవాళ్టి మూడో పని ఈ ఉత్తరం.

చిరంజీవి సుస్మితకు, అత్త దీవెనలు.

మావయ్య పోయాక నువ్వు కంటి డాక్టరు చదువు మానేస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. ముందే కనిపెట్టి కూడా కాపాడలేకపోయానని ఏడ్చావట. అందుకే జరిగింది రాస్తున్నాను.

నిరుడు కంటి శిబిరంలో ఆయన కంటి ఫొటో తీసి, లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నాయనీ, గుండెకూ మెదడుకూ ముప్పనీ, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించమనీ నువ్వు రాసిచ్చిన కాగితం నా చేతికే వచ్చింది. చర్చిలో కళ్ళజోడు లేకుండా వాక్యం చదివే మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆయనా నవ్వారు. "కంటి డాక్టరమ్మ గుండె చూస్తే, రేపు పళ్ళ డాక్టరు మోకాళ్ళు చూస్తాడేంటే?" అన్నారు. నేను ఆ కాగితాన్ని పద్ధతిగా కళ్ళ ఫైల్లో పెట్టాను. బీపీ ఫైల్లో పెట్టి ఉంటే, నెలనెలా మందులు రాసే డాక్టరుగారి కంట పడేది. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చింది. మూడో రోజున పోయారు.

నువ్వు చెప్పవలసింది చెప్పావు. దాన్ని తప్పు చోట పెట్టింది నేను. చదువు మానకమ్మా.

ఏడాది తిరిగేసరికి రెండో ఫొటో తీయించుకుంటానని ఆయన నీకు మాటిచ్చారు కదా. నిన్న అమలాపురం శిబిరానికి వెళ్ళి, ఆయన బదులు నా కళ్ళ ఫొటో తీయించుకున్నాను. ఆ కాగితం పట్టుకుని అటునుంచి అటే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీకు ఆయన పడ్డ బాకీ తీరింది.

మీ అత్త