మంచు నేల కప్పేదాకా

జూన్ 3, సోమవారం

ఈరోజు బాటిస్ట్ టేపులు జనంలోకి వెళ్ళాయి. పొద్దున మా లైబ్రరీ పెద్ద ఎంగ్‌స్ట్రామ్ నా కుర్చీ వెనకాల నిలబడి, నొక్కు వెర్నా, నొక్కు అన్నాడు. నొక్కాను. అంతే. లైబ్రరీ నేలమాళిగలో యాభై ఏళ్ళు అట్టపెట్టెల్లో పడున్న గొంతు ఇప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా వినిపిస్తుంది.

1971 చలికాలంలో మా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన రికార్డరు మోసుకుని బాటిస్ట్ ఇంటికి వెళ్ళాడు. ముసలాయన చెప్పిన మా ఓజిబ్వే తెగ కథలన్నీ ఎక్కించుకొచ్చాడు. ఆ వసంతంలోనే బాటిస్ట్ పోయాడు. ప్రొఫెసర్ కూడా పోయి చాలా కాలమైంది. టేపులు మిగిలాయి. ఇన్నాళ్ళూ వాటిని వినాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, బ్యాగు బయట వదలాలి, పెన్ను లోపలికి తేకూడదు. మా తెగకి ప్రభుత్వం విడిచిన నేల, మా రిజర్వేషన్, అక్కడి నుంచి ఒక్క మనిషి రాలేదు. ఎలా వస్తారు? అవి ఇక్కడున్నాయని ఎవరైనా చెబితేగా.

నేను చెప్పాను. నేనే శుభ్రం చేశాను, కంప్యూటర్‌లోకి ఎక్కించాను, అప్‌లోడ్ చేశాను. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి.

ఎంగ్‌స్ట్రామ్ కేకు తెప్పించాడు. మీద క్రీముతో 'అందరికీ, ఎప్పుడైనా' అని రాయించాడు. నాకు 'ఎప్పుడైనా' ముక్క వచ్చింది. తిన్నాను.

జూన్ 5, బుధవారం

ఫిలొమీన్ అత్త ఫోన్ చేసింది. బాటిస్ట్ కూతురు. నాకు మా అమ్మ వైపు దూరపు చుట్టం, రిజర్వేషన్‌లో మాత్రం అందరికీ అత్తే. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. నా కిటికీ కింద కాలవలో కప్పలు అరుస్తున్నాయే, వినిపిస్తున్నాయా అంది. ఫోన్ కిటికీ దగ్గర పెట్టింది కాబోలు, నిజంగానే వినిపించాయి. మరి నువ్వేంటే మా నాన్న చేత కథలు చెప్పిస్తున్నావు అంది.

అవి చలికాలపు కథలు. నేలమీద మంచు పరుచుకుని ఉన్నప్పుడే చెప్పాలి, అప్పుడే వినాలి. కప్పలూ పాములూ నిద్రపోయాక. మేలుకుని ఉంటే అవీ వింటాయి, విని ఊరుకోవు. ఇది నాకు తెలియని సంగతా? చిన్నప్పుడు ఎండల్లో కథ చెప్పమంటే మా అమ్మమ్మ పొయ్యిలో కర్ర తీసింది. అన్నీ తెలిసి జూన్ నెలలో నొక్కాను. ఈ పనికి డబ్బిచ్చిన గ్రాంటు గడువు జూన్ నెలాఖరు. నాకు గడువు తప్ప ఇంకేం కనపడలేదు.

జూన్ 6, గురువారం

ఎంగ్‌స్ట్రామ్‌కి చెప్పాను. మంచివాడు, అందుకే ఇంకా చిరాకు. తిట్టడానికి వీలుండదు. వెర్నా, తెరిచామంటే తెరిచినట్టే కదా, సగం తెరిచిన తలుపు ఎవరికి పనికొస్తుంది అన్నాడు. సగం తలుపు కాదు, సగం ఏడాది అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు ఆయనా మానేశాడు.

డబ్బిచ్చిన వాళ్ళకి ఏం చెప్పాలి అని గొణిగాడు. కప్పలు ఉన్నాయని చెప్పమన్నాను.

జూన్ 10, సోమవారం

పొగాకు పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను. పెద్దవాళ్ళని ఏదైనా అడగడానికి వెళ్తే పొగాకు లేకుండా ఎలా వెళ్తాను. క్షమించమని అడగడానికైనా అంతే. తీసుకుంది, పక్కన పెట్టింది. తీసుకుందంటే వింటానని. నా ప్రాణం కుదుటపడింది.

అత్త కాళ్ళు వాచి ఉన్నాయి. గుండె నీరసపడిందట. ఏమంటున్నాడు డాక్టరు అంటే, ఉప్పు తినొద్దంటున్నాడు, అంతకన్నా నన్ను ఇప్పుడే చావమనొచ్చుగా అంది. మనవరాలు డార్లా వంటింట్లోంచి, విను వెర్నా ఈవిడ మాటలు అని అరిచింది.

మొన్న డార్లా లింకు చూసి సంబరపడి, ఫోన్ తెచ్చి చేతికిచ్చిందట. గొంతు వచ్చేలోపే అత్త ఆపించేసింది. నాకు అప్పటిదాకా తట్టలేదు. అత్త ఈ టేపులు ఎప్పుడూ వినలేదు! ఆ చలికాలం ఆవిడ మినియాపొలిస్‌లో ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తోంది. నాన్న గొంతు విని యాభై ఏళ్ళు. ఎలా ఉండేదో కూడా మర్చిపోయానే అంది. ముక్కుతో నవ్వేవాడు, అదొక్కటే గుర్తుంది అంది.

వినాలని లేదా అని అడిగాను. పిచ్చి ప్రశ్న. మొదటి మంచు పడ్డ రోజు వచ్చి నువ్వే వినిపించాలి, దుప్పటి కప్పుకుని వింటా, అప్పటిదాకా మూసెయ్ అంది.

జూన్ 12, బుధవారం

ఎంగ్‌స్ట్రామ్ ఒక దారి కనిపెట్టాడు. నవంబర్ 15న దానంతటదే తెరుచుకుని, మార్చి నెలాఖరున దానంతటదే మూసుకునేలా కంప్యూటర్‌కి చెప్పేస్తాడట. గొప్పగా చెప్పాడు. అత్తకి ఫోన్ చేసి చెప్పాను. ఆ తారీకుకి వస్తానని మంచు మీ వాడికి మాటిచ్చిందా అంది.

అదే మాట వెళ్ళి చెప్పాను. ఎంగ్‌స్ట్రామ్ తల గోక్కున్నాడు. సరే, నువ్వే కిటికీలోంచి చూసి తెరువు, నువ్వే చూసి మూసెయ్, ఎవరైనా అడిగితే సాంకేతిక లోపం అంటాను అన్నాడు. లోపం అని మాత్రం అనకు అన్నాను.

మూసేశాను. ఆ పేజీలో 'మంచు పడ్డాక రండి' అని ఒక్క ముక్క రాశాను.

జూలై 18, గురువారం

ఎక్కడో యూరప్‌లో పండితుడట, మంచి కోపంగా మెయిలు రాశాడు. విజ్ఞానానికి ఋతువులు ఉండవట. ఇక్కడ ఉక్కపోత. జవాబివ్వలేదు.

ఆగస్టు 22, గురువారం

డార్లా ఫోన్. అత్తని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. ఇక మందులు నొప్పికే. ఆకులు రాలేదాకా ఉంటే గొప్పే అన్నాడట డాక్టరు.

ఆకులు రాలడానికీ మంచు పడడానికీ మధ్య చాలా రోజులుంటాయి. ఒకసారి వాతావరణం సైటు తెరిచాను. ఆగస్టులో మంచు కోసం చూసే పిచ్చిది నేనొక్కదాన్నే.

ఆగస్టు 27, మంగళవారం

డార్లా గుమ్మం బయటే నన్ను పట్టుకుంది. మెల్లగా చెవిలో పెట్టెయ్ వెర్నా, మగతలో ఉంది, తెలియదు, తెలిసినా కలనుకుంటుంది అంది. ఏడుస్తోంది. నేను వినలేక చస్తున్నా, నాన్నా నాన్నా అని కలవరిస్తోంది అంది.

ఫోన్‌లో ఎక్కించుకునే వెళ్ళాను. ఇక్కడైనా నిజం రాయాలి కదా. డార్లా అడగకపోయినా వెళ్ళేదాన్ని. ఒక్క కథ, ఒక్క నిమిషం. కప్పలు ఏం చేస్తాయి, చనిపోయే మనిషిని?

మంచం పక్కన కూర్చున్నాను. అత్త కళ్ళు తెరవకుండానే, జేబులో ఉన్నాడా అంది. నా చెయ్యి జేబులోని ఫోన్ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండనీ, నీకు బరువా అంది.

బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను.

సెప్టెంబర్ 4, బుధవారం

ఇంతకాలం ఎందుకు తట్టలేదు? టేపు ఎక్కించాక మొదలూ చివరా కత్తిరించడం మా పద్ధతి. దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు, మిషన్ సరిచేసుకోవడాలు అన్నీ తీసేసి కథ మాత్రం పెడతాం. కత్తిరించని అసలు కాపీ సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. దాన్ని ఎవరూ వినరు. కథ కాని బాటిస్ట్ అంతా అందులోనే ఉన్నాడు!

మధ్యాహ్నం తలుపేసుకుని అంచులు మాత్రం విన్నాను. చాలావాటిలో ఏమీ లేదు, దగ్గే. చివరి టేపులో దొరికింది. కథ అయిపోయాక ప్రొఫెసర్ మిషన్ ఆపడం మర్చిపోయినట్టున్నాడు. కప్పులో చెంచా తిప్పిన చప్పుడు. పొయ్యి తలుపు కిర్రుమంది. కుక్క తలుపు గీరుతోంది, బాటిస్ట్ దాన్ని తిట్టాడు. ప్రొఫెసర్ ఏదో అడిగాడు. బాటిస్ట్ ముక్కుతో నవ్వాడు! ముక్కుతోనే! తర్వాత చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఫిలొమీన్ అని రెండుసార్లు వచ్చింది.

మిగతాది నాకు అర్థం కాలేదు. తెల్లవాళ్ళ బోర్డింగ్ స్కూల్లో మా అమ్మకి ఓజిబ్వే భాష కొట్టి మాన్పించారు, ఆవిడ మాకు నేర్పలేదు. నాకు తెలిసింది కుక్క, టీ, కట్టెలు, ఇలాంటివే. ఏమైతేనేం. కూతుర్ని తలుచుకున్నాడు. కథ కాదు. ఎండాకాలంలోనూ వినొచ్చు. ఎంగ్‌స్ట్రామ్‌కి చెబితే నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశాడు.

సెప్టెంబర్ 7, శనివారం

వెళ్ళాను. అత్తని దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టారు. చెప్పాను. అందులో కథ చెప్తాడా అంది. లేదత్తా, కుక్కని తిడతాడు అన్నాను. కుక్కని తిట్టడానికి ఏ కాలమైతే ఏంటి, పెట్టు అంది.

పెట్టాను. చెంచా చప్పుడుకే అత్త చెయ్యి నా మణికట్టు మీదికొచ్చింది. కుక్కని తిట్టినప్పుడు నవ్వింది. అది నా కుక్కే, దొంగముండ, నా చెప్పులన్నీ కొరికేసేది అంది. ముక్కుతో నవ్వినప్పుడు కళ్ళు మూసుకుంది. డార్లా నా భుజం పట్టుకుంది, మేమిద్దరం పండగ చేసుకుంటున్నాం. తర్వాత ఆయన ఆ పొడుగు మాటలు మాట్లాడాడు. అత్త మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. టేపు టక్కుమని ఆగింది.

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నాక మాకు చెప్పింది.

ఇంకా ఉన్నాయా అని అడిగాడట ప్రొఫెసర్. ఇంకొక్కటుంది అన్నాడట బాటిస్ట్. అన్నిటికన్నా పెద్దది, చెప్పాలంటే చాలా సాయంత్రాలు పడుతుంది. అది నీ మిషన్‌కి కాదు. అది ఫిలొమీన్‌ది. చిన్నపిల్ల అని ఆగాను, ఇప్పుడు వినే వయసొచ్చింది. క్రిస్మస్‌కి వస్తుంది. మధ్యలో నిద్రపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి, అయినా ఫిలొమీన్‌కే చెప్తా అన్నాడట.

నేను వెళ్ళలేదే అంది అత్త. మా ఊళ్ళో కొట్టుకి ఫోన్ చేసి, డ్యూటీ ఉందని నాన్నకి చెప్పమన్నా. డ్యూటీ లేదు, గీటీ లేదు. డాన్సు ఉంది. కొత్త గౌను కొనుక్కున్నా. వసంతంలో వెళ్దాంలే అనుకున్నా అంది. వసంతంలో వెళ్ళింది, పూడ్చడానికి.

ఆ కథ ఇంకెవరికీ రాదు. ఆవిడ అన్నకి కూడా చెప్పలేదట. పోయింది.

నేనెందుకు తెచ్చాను దీన్ని? అర్థం కానిదాన్ని సంబరంగా మోసుకొచ్చి చనిపోయే మనిషి చేతిలో పెట్టాను. అత్తా, తప్పయిపోయింది అన్నాను. అత్త గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాం. కొంత ఏడుపే. కొంత నవ్వు. ఒక్క కథైనా మీ యూనివర్సిటీకి దొరక్కుండా పోయిందే అంది.

తర్వాత ఇంకోమాట అంది. ఆ కథ నాన్న దగ్గరే ఉందిగా, వెళ్ళి వింటా. అక్కడ మంచు ఉంటుందో లేదో, అదొక్కటే నా బెంగ.

సెప్టెంబర్ 19, గురువారం

కొత్త అడవి బియ్యం వచ్చింది. చెరువులో దానంతటదే పండేది, డార్లా తమ్ముళ్ళు పడవలో వెళ్ళి రాల్చుకొచ్చారు. అత్త రెండు మెతుకులు నాలుక మీద పెట్టుకుని, పొగ ఎక్కువైంది, వెధవలకి వేయించడం రాదు అంది. ఉప్పు అడిగింది. ఇచ్చాం.

ఆ కుక్క ముక్క మాత్రం తెరిచి ఉంచవే అంది. కప్పలు విన్నా పర్లేదు. ఇంకో కథ ఉండేదని అందరికీ తెలియాలి అంది.

సాయంత్రం అప్‌లోడ్ చేశాను. పేరు అన్నచోట ఏం రాయాలో తెలియలేదు. చివరికి 'ఫిలొమీన్ కోసం ఉంచినది' అని రాశాను. ఎంగ్‌స్ట్రామ్ చూశాడు. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అక్టోబర్ 2, బుధవారం

అత్త పోయింది. బయట ఎండ.

అక్టోబర్ 5, శనివారం

అత్తని పూడ్చి వచ్చి అందరం రిజర్వేషన్ హాల్లో కూర్చున్నాం. ఫ్రై బ్రెడ్ అని నూనెలో వేయించిన రొట్టెలు, చేపలు, ఆ పొగవాసన బియ్యమే. అత్తకని ఒక పళ్ళెం విడిగా పెట్టాం, దాంట్లో ఉప్పు కాస్త ఎక్కువే వేసింది డార్లా. ఎంగ్‌స్ట్రామ్ వచ్చి వెనక నిలబడ్డాడు, ఎవరో లాక్కెళ్ళి కూర్చోబెట్టి పళ్ళెం ఇచ్చారు.

డార్లా నన్ను అడిగింది, ఇప్పుడైనా ఒక కథ పెడదామా అని. నేను జవాబు చెప్పేలోపే హాల్లో అందరూ కిటికీ వైపు చూశారు. వాన. ఉత్త వాన. డార్లా తనే తల అడ్డంగా ఊపింది. కుక్క ముక్క పెట్టాం. ముసలివాళ్ళు నవ్వారు, తర్వాతి మాటలు అర్థమయ్యాక నవ్వడం మానేశారు.

అక్టోబర్ 23, బుధవారం

పొద్దున కాస్త మంచు రాలింది. నేల తాకకముందే కరిగిపోయింది. కుర్చీలోంచి లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను.

నవంబర్ 6, బుధవారం

మంచు.

లైబ్రరీ ముందు గడ్డి కొసలు ఇంకా కనిపిస్తున్నాయి. అత్తయితే ఒప్పుకోదు. ఆగాను.

మధ్యాహ్నానికి కొసలు కూడా మునిగాయి. అత్త ఉన్నచోటి సంగతి తెలియదు. ఇక్కడ పడింది. తెరిచాను.