నీళ్ల మీదుగా ఆరు మైళ్లు

లీగు కార్యదర్శి శ్రీ నైజెల్ థర్లో గారి సముఖమునకు, శాండ్‌హోమ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శి డోరీన్ క్లాక్స్టన్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా క్లబ్బును దక్షిణ విభాగం నుండి ఉత్తర విభాగమునకు మార్చిన ఉత్తర్వు రద్దు గురించి.

అయ్యా,

1. ప్రతి మే నెలలో గెలిచి పై మెట్టుకు ఎక్కేవారు ఎక్కి, ఓడి కిందికి దిగేవారు దిగిన పిమ్మట, విభాగాల్లో జట్ల లెక్క సరిపెట్టుటకు తమ సంఘము కొందరిని పక్కకు జరుపుట ఆనవాయితీ. మేము ఎక్కనూ లేదు, దిగనూ లేదు. పదకొండో స్థానంలో ఎవరి జోలికీ పోకుండా ఉన్నాము. అయినను జరిపినారు.

2. కొత్త విభాగంలోని క్లబ్బులు మాకు ఆరు మైళ్ల దూరమేనని సెలవిచ్చినారు. పటం మీద స్కేలు పెట్టి కొలిచినట్లున్నారు. మధ్యలో నీలంగా కనబడేది ఏటి మొగ, ఏరు సముద్రంలో కలిసే చోటు. దానికి వంతెన లేదు. రోడ్డున చుట్టి పోతే డెబ్బై మైళ్లు. మా జట్టులో ఈత వచ్చినవారు నలుగురే. వారిలో ఇద్దరు డిఫెండర్లు, నేల మీదే నెమ్మది.

3. మంగళవారం మ్యాచ్‌లు సాయంత్రం ఏడుముప్పావుకు మొదలు. మా గోల్‌కీపర్ కాలమ్ డ్రూరీ బడి బస్సు నడుపుతాడు. పిల్లలందరినీ దించేసరికి అయిదున్నర, ఆపై డెబ్బై మైళ్ల ఇరుకు రోడ్లు. అతను అందుకోలేకపోతే మాకు ఇంకొకరు లేరు. మ్యాచ్‌కు రాని జట్టుకు పాయింట్ల కోత, మూడుసార్లయితే లీగు నుండి తొలగింపు. నియమావళి తమరిదే.

4. ఫోన్ చేయగా తమ గుమస్తా, "పటంలో అంతే ఉందండి, మేమేం చేస్తాం" అన్నాడు. అతన్ని ఒకసారి మా గట్టు మీదికి పంపండి. అవతలి గ్రౌండు దీపాలు కనిపిస్తాయి, కాదనను. కనిపించినవన్నీ చేతికందుతాయా?

ఇరవై ఆరేళ్లుగా ఈ జట్టు చొక్కాలు ఉతికాను, గ్రౌండులో గీతలు గీశాను, టీ కాచాను. మా ఆయన పోయాక నా శనివారాలు గడిచింది ఇక్కడే. ఇది మూతపడితే నేనెక్కడికి పోవాలో తమరి నియమావళిలో వెతికాను, లేదు.

కావున మమ్మల్ని పాత విభాగంలోనే ఉంచవలసిందిగా వేడుకొనుచున్నాను. పటం కాస్త పక్కన పెట్టి ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డోరీన్ క్లాక్స్టన్

తా.క.: కవరు అంటిస్తుంటే కాలమ్ వచ్చాడు. "డోరీనక్కా, పక్కూరి జట్టు రమ్మంటోంది. వాళ్లు దక్షిణంలోనే ఉన్నారు. వెళ్లనా?" అని అడిగాడు. వెళ్లమన్నాను. నేనైనా వెళ్లేదాన్ని. వాడటు వెళ్లగానే ఏడ్చాను, మీ దగ్గర దాపరికమెందుకు. శుక్రవారం దాకా వాళ్ల కాగితం మీద సంతకం పెట్టకురా అని మాత్రం బతిమాలి పంపాను. జవాబు పోస్టులో వద్దండీ, ఆలోగా ఫోన్ చేయండి. మోగగానే తీస్తాను.