తొమ్మిదో నంబరు ప్రశ్న

మధురవాడ,
నవంబరు 18.

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మ పుష్పకుమారికి,

అన్నయ్య రత్నరాజు వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మను, మా పిన్నిని, సాగనంపిన ఇంట్లో నువ్వెలా ఉన్నావని అడిగే ధైర్యం నాకు లేదు. ఈ వారంలో రెండుసార్లు గాజువాక వచ్చాను. మీ సందు మొదట్లో ఆటో దిగి, టీ తాగి, వచ్చిన దారినే పోయాను. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఇరవై రెండేళ్లుగా ఎంపీల దగ్గర పీఏగా బతుకుతున్నవాణ్ణి. నోట రానిది కాగితం మీద పెట్టడమొక్కటే నాకొచ్చిన విద్య.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచీ రాస్తాను. కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ కోసం మన పాత ఊరు ఖాళీ చేయించినప్పుడు ఇళ్లూ చర్చీ పోయాయి, సమాధులు మాత్రం ఫ్యాక్టరీ కాంపౌండు గోడ లోపల మిగిలాయి. ఏటా నవంబరు రెండున, సమాధుల పండుగ నాడు, గేటు తీసి మనల్ని పంపేవారు. పిన్ని వెళ్లి బాబాయి సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. మూడేళ్ల కిందట భద్రత పేరు చెప్పి అదీ ఆపేశారు. ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు లేదు. అప్పుడు పిన్ని నన్ను పిలిచి, "ఏటిరా రత్నా, ఢిల్లీలో ఉండి ఏటి సేత్తన్నావు? మన ఎంపీ గారి సేత మంత్రినే అడిగించు" అంది.

అడిగిద్దామనే ప్రశ్న రాశాను. నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చాను. ఆ గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, మన సారు అక్కడికక్కడే ఎదురు ప్రశ్న వేయవచ్చు. వందల నోటీసుల్లోంచి లాటరీ తీస్తే మనది తగిలింది, తొమ్మిదో నంబరుగా. ఆ సంగతి ఫోన్లో చెబితే పిన్ని కాలనీ అంతా చాటింది.

ఆ రోజు సభలో గొడవై వాయిదా పడిందని నీకు చెప్పాను. రాత జవాబు మాత్రం వచ్చింది: "అటువంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు." పిన్ని నన్నొక్క మాట అనలేదు. "గొడవ సేసినోళ్లకి మనూరేటి తెలుసు, పోనీ" అంది.

మొన్న రెండో తారీకున సున్నం బకెట్టు నేనే పట్టుకున్నాను. గేటు దగ్గర లోపలికి ఒగ్గలేదు. పిన్ని గోడ వెంబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒకచోట ఆగింది. "ఇక్కడికి సూటిగా అవతల మీ బాబాయి" అని, ఆ గోడకే సున్నం వేసింది. చెయ్యి అందినంత మేర వేసి, కింద కొవ్వొత్తి పెట్టింది. తరవాత పదకొండు రోజులకే పోయింది. కొత్త శ్మశానంలో పెట్టాం, ఆయనకు దూరంగా.

మా అబ్బాయి కెన్నీకి ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు బదిలీ అయింది కాబట్టి వాడు సమయానికి ఉన్నాడని, దేవుడే పంపాడని, నువ్వు ఏడుస్తూ అన్నావు. ఆ మాట నాకు అన్నం సహించనివ్వడం లేదు. శీతాకాల సమావేశాలకు మళ్లీ నోటీసు ఇచ్చాను. ఈసారి ఏం తగులుతుందో తెలియదు. వేళకు తిను.

నీ అన్నయ్య,
రత్నరాజు

తా.క. సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను. ఆ రోజు సభ వాయిదా పడలేదు చెల్లీ. చక్కగా నడిచింది. పొద్దున సారు, మన నంబరు వస్తుందా అని అడిగారు. ప్రశ్నోత్తరాల గంటలో ఐదారు ప్రశ్నలు దాటవు సార్ అన్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం కదా. పదకొండున్నరకు కెన్నీ బదిలీ కోసం ఆయన్ను ఒక అధికారి గదికి తీసుకెళ్లాను. ఆ రోజు మన ముందున్న సభ్యుల్లో నలుగురు రాలేదు. వరస గబగబా తొమ్మిదికి వచ్చేసింది. ఆ గదిలో గోడకున్న టీవీలో సారు పేరు రెండుసార్లు పిలిచారు. సారు నా వైపు చూశారు. తరవాత పదో నంబరు పిలిచారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఆ పూజారిని నేనే. ఆ రోజు సభ కాగితం నకలు ఇందులో పెట్టాను, సారు పేరు పక్కన "సభలో లేరు" అని ఉంటుంది.

పిన్ని పెట్టె మోసిన నలుగురిలో ముందు కుడివైపు భుజం మా కెన్నీది. వాణ్ణి దేవుడు పంపలేదమ్మా.