మొసలికి మా ఓనరు తిట్లు

జ్ఞానేశ్వర్, నువ్వు చేసింది పచ్చి దొంగతనం. ఇంగ్లీషు మొసలి సినిమాకు నేను డబ్బింగు సొంతంగా నేర్చుకొని మన మాటలు పెట్టి, చూసి ఇచ్చేయమని సీడీ ఇస్తే, దాన్ని మీ హాస్టల్ నెట్‌వర్కులో పెట్టినావు. ఇప్పుడది ప్రతి రూములోనూ ఉంది. "ఆ సినిమా మాత్రం నీదా?" అంటావేమో. సినిమా వాళ్లదే, మొసలి మాటలు నావి.

మనిషిని మింగబోయినప్పుడల్లా ఆ మొసలి మా వైండింగు షాపు ఓనరు పెద్దసుబ్బయ్య తిట్లే తిడుతుందని నీకు తెలుసు. నిన్న మీ కాలేజీ బోరు మోటారు విప్పి తీగ చుడుతుంటే ఆయన నామీద అరిచినాడు. "ఏమప్పా, తీగ చుట్టమంటే తల చుట్టుకుంటాండావా?"

అంతే, మీవాళ్లంతా "మొసలొచ్చె, పరిగెత్తండప్పా!" అని ఒకటే కేకలు. ఒకడైతే దగ్గరికొచ్చి, "సార్, మీరు మా సినిమాలో ఉండారు" అన్నాడు. ఓనరు మురిసిపోయి, "శానా సంతోషమప్పా, ఆదివారం వచ్చి చూస్తా" అన్నాడు.

చివర్లో ఆ మొసలిని కాల్చి చంపే హీరో గొంతు నాది. ఆయన చూస్తే నా పని ఊడుతుంది.

శనివారం లోపల అన్ని కంప్యూటర్లలోంచి దాన్ని తీసేయి. లేదంటే మొసలికి మీ ప్రిన్సిపాల్ మాటలు పెట్టి, పైన నీ పేరు వేసి, నేనే మీ హాస్టలుకు పంపుతా. శుక్రవారం సాయంత్రానికల్లా జవాబు రావాలి.